కోరానికి ఒకడు తక్కువ

గంట మోగేసరికి డోరీన్ హాలమ్ ఇంకా బడి కుళాయి దగ్గరే ఉంది.

అంటే, చెబుతున్న సంగతిలో. మనిషి మాత్రం వెస్ట్‌మినిస్టర్‌లో, పార్లమెంటు పై అంతస్తులో, కమిటీ గదుల వరసలో ఒక గదిలో, గుర్రపు నాడాలా వంగిన పెద్ద బల్లకు ఎదురుగా కూర్చుని ఉంది. ముందు గ్లాసుడు నీళ్ళు పెట్టారు. ముట్టుకోలేదు. ఇరవై రెండేళ్ళు నీళ్ళు పరీక్ష చేసి బతికిన మనిషి, ఎక్కడివో తెలియని నీళ్ళు తాగమంటే తాగుతుందా?

“జూన్ తొమ్మిదో తారీఖు పొద్దున, బడి వంటగది కుళాయి కింద మూడో సీసా పట్టానండీ. పట్టి, ల్యాబుకి తీసుకెళ్ళి...” అంటోంది. అంతలో గోడ మీది గంట టర్రుమని మొదలైంది.

గంట మోగితే ఉన్న పని వదిలేసి పరిగెత్తేవాళ్ళు లోకంలో ఇద్దరే. ఒకరు బడిపిల్లలు, రెండోవాళ్ళు పార్లమెంటు మెంబర్లు. బడిపిల్లలకైనా ఎక్కడికి పరిగెడుతున్నారో తెలుస్తుంది. కింద సభలో ఓటింగు. దేని మీద ఓటింగో ఆ గదిలో ఉన్న ముగ్గురు మెంబర్లలో ఒక్కరికీ తెలియదు. తెలియనక్కర్లేదు కూడా, ఏ గుమ్మంలోంచి నడవాలో పార్టీ విప్ చెయ్యి చూపిస్తాడు.

“పదిహేను నిమిషాలు విరామం,” అంది అధ్యక్షురాలు ఆడ్రీ టాన్సర్, బ్యాగు భుజాన వేసుకుంటూ. “కదలకండి మిసెస్ హాలమ్, ఇట్టే వచ్చేస్తాం.”

ముగ్గురూ వెళ్ళిపోయారు. డోరీన్ నోరు సగం తెరుచుకుని అలాగే ఉంది. మాటలు టైపు చేసే అమ్మాయి వేళ్ళు విరుచుకుంది. అధ్యక్షురాలి ఖాళీ కుర్చీ పక్కన, కమిటీ క్లర్కు జానిస్ పెండ్రీ తన కాగితం మీద “3.48, విరామం” అని రాసుకుంది.

జానిస్‌కి ఈ పనిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు. మెంబర్లు వస్తారు, పోతారు, ఓడతారు, పై సభకెక్కి ప్రభువులవుతారు. క్లర్కు ఎటూ పోదు. వాళ్ళు అడగబోయే ప్రశ్నలు రాసిపెట్టాలి, వాళ్ళు చదవని నివేదికలు చదవాలి, తలలు లెక్కపెట్టాలి. ఎవరి పక్షమూ ఉండకూడదు. ఎవరినీ ఒక్క మాట అనకూడదు. అనకుండా ముప్ఫై ఒక్క ఏళ్ళు నెట్టుకొచ్చింది కాబట్టే లోపల పేరుకుపోయిన చేదంతా అలాగే ఉంది.

ఇవాళ అది గొంతు దాకా వచ్చింది. చూడండి మరి. ఆ సాక్షి నలభై నిమిషాలు కూర్చుంటే, ఆమె మాట్లాడింది ఆరు నిమిషాలు. ఆడ్రీ కెమెరా వైపు తిరిగి ఉపోద్ఘాతమే ఓ పావుగంట దంచింది. సర్ లెస్లీ బూన్ ఆ సీసాకు మూత ఉంటుందా అని అడిగాడు. ఉంటుందండీ అంటే, తన చిన్నతనంలో ఏ మూతలూ లేని బావినీళ్ళు తాగి రాయిలా పెరిగామని చెప్పుకొచ్చాడు. ముప్ఫై ఆరేళ్ళు ఎవరికీ ఏ ఇబ్బందీ కలిగించనందుకు ఆయనకు సర్ బిరుదు ఇచ్చారు. ఇక డంకన్ మార్‌వుడ్, “ఆ క్షణంలో మీ మనసుకు ఎలా అనిపించింది?” అని అదే ప్రశ్న మూడు రకాలుగా అడిగి, మూడుసార్లూ తల పంకించాడు.

పదకొండు మంది కమిటీలో ఇవాళ వచ్చింది ఆ ముగ్గురే. మిగతా ఎనిమిది మందీ ఓట్ల వేటకు ఊళ్ళకు పోయారు. ఎన్నికలు ప్రకటించారు. ఈ సాయంత్రం నాలుగున్నరకు ప్రభువుల సభలో రాజుగారి ఆజ్ఞ చదువుతారు. అది చదివారంటే పార్లమెంటు మూసేసినట్టే, కమిటీలన్నీ ఎక్కడివక్కడ చచ్చినట్టే.

డోరీన్‌ది సాల్ట్‌బరో అనే రేవు పట్టణం. ఆ ఊరికి నీళ్ళిచ్చేది హారోఫెన్ వాటర్ అనే కంపెనీ. రెండేళ్ళ కిందట ఆ నీళ్ళు తాగి పద్నాలుగు మంది పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. రోజీ అనే ఆరేళ్ళ పిల్ల తిరిగి ఇంటికి రాలేదు. నీళ్ళలో రోగపు క్రిములున్నాయని ల్యాబులో డోరీన్ రాసిన కాగితం మీద, తెల్లారేసరికి అంకె మారిపోయింది. ఎవరు మార్చమన్నారో ఆమెకు పేరుతో సహా తెలుసు. ఆ పేరున్నాయన ఇప్పుడు కంపెనీలో లేడు. పాలక పార్టీకి పెద్ద దాత. డోరీన్‌ను ఉద్యోగంలోంచి తీసేసేటప్పుడు, ఈ సంగతి ఎక్కడా నోరెత్తనని సంతకం పెట్టించుకున్నారు. ఎత్తితే కోర్టుకీడుస్తారు, ఉన్న ఒక్క ఇల్లూ పోతుంది. ఆమె లాయరు ఆ మాటే చెప్పాడు.

ఒక్క చోట తప్ప. కమిటీ కూర్చుని ఉండగా, దాని ఎదుట చెప్పిన మాట మీద దేశంలో ఏ కోర్టూ చెయ్యి వేయడానికి లేదు. కానీ కమిటీ కూర్చున్నట్టు లెక్క కావాలంటే ముగ్గురు మెంబర్లుండాలి. ఇద్దరుంటే అది కమిటీ కాదు, ఇద్దరు మనుషులు. రాసి ఇద్దామన్నా అంతే, ఆ కాగితాన్ని స్వీకరించడానికీ ముగ్గురే కావాలి.

కంపెనీ లాయరు ప్రజల కుర్చీల్లో మొదటి వరసలో, ఒళ్ళో తెల్లకాగితాలు పెట్టుకుని కూర్చున్నాడు. అందరూ లేచి వెళ్ళినా అతను లేవలేదు.

“వస్తారుగా వాళ్ళు?” అని అడిగింది డోరీన్.

“వస్తారండీ. ఓటేసి రావడానికి ఓ పావుగంట,” అంది జానిస్.

“మార్‌వుడ్ గారైతే వస్తారులెండి. మా మెంబరు ఆయన. నాలుగుసార్లు మా ఇంటికొచ్చారు, వంటగదిలోనే కూర్చుని టీ తాగారు. నాకు భయమేసి రానంటే, ‘నేనుంటాను కదా డోరీన్, చెయ్యి పట్టుకుని కూర్చుంటా’ అన్నారు. రోజీ వాళ్ళమ్మ మాకు రెండిళ్ళ అవతలే. ఇవాళ చెప్పేసి వస్తానని ఆవిడకి మాటిచ్చి బయల్దేరాను.”

జానిస్ తలూపింది. డంకన్ మార్‌వుడ్ సంగతి ఆమెకు తెలుసు. సభలో అడుగుపెట్టి తొమ్మిదేళ్ళు. మొదటి ఏడేళ్ళూ అతని మొహం సొంత పార్టీ వాళ్ళకే గుర్తుండేది కాదు. సాల్ట్‌బరో పిల్లలు జబ్బు పడ్డాక దశ తిరిగింది. పేపర్లలో ఫొటోలు, టీవీలో చర్చలు, “నీళ్ళ మెంబరు” అని పేరు. ఆ పిల్లలు తాగిన నీళ్ళలోనే ఇతను ఈత నేర్చుకున్నాడు. అయినా డోరీన్‌ను వెతికి పట్టుకున్నది అతనే, ఆమెను ఒప్పించిందీ అతనే. కాదనడానికి లేదు.

నాలుగు దాటి మూడు నిమిషాలైంది. ఆడ్రీ వచ్చింది. ఆమె వెనకే సర్ లెస్లీ వచ్చి, కుర్చీలో కూలబడి కళ్ళు మూసుకున్నాడు. మూడో కుర్చీ ఖాళీగా ఉంది.

నాలుగూ ఎనిమిది. ఖాళీయే.

జానిస్ లేచి మెట్లు దిగింది. ఈ భవనంలో దారి తప్పిన మెంబరును వెతికి పట్టడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. గ్రంథాలయంలో లేడు. పొగతాగే అరుగు మీద లేడు. నేరుగా మెంబర్ల టీ గది గుమ్మం దగ్గరికి వెళ్ళి ఆగింది. ఆ గదిలోకి ఎలుకలు వెళ్ళచ్చు, వెళ్తాయి కూడా, క్లర్కులు వెళ్ళకూడదు.

టీ పోసే మావిస్ బ్రాత్‌వెయిట్ ట్రేతో వస్తూ ఆమెను చూసింది. బార్బడోస్ నుంచి చిన్నప్పుడు వచ్చిన మనిషి, ఆ గదిలో ఇరవై ఏళ్ళుగా పని చేస్తోంది.

“ఏంటమ్మా జానిస్, ఎవరికోసం మెడ అంత సాగదీస్తున్నావ్?”

“మార్‌వుడ్ గారు లోపలున్నారా?”

“లేకేం! కిటికీ దగ్గర. వెన్న పూసిన టీకేకు, రెండోది నడుస్తోంది. పక్కన పాలక పార్టీ విప్ కూర్చున్నాడు, లోడర్. కుర్చీ కుర్చీ ఆనించుకుని కూర్చుంటే పెళ్ళి మాటలేమో అనుకున్నా.”

“పైన కమిటీ ఆగిపోయింది మావిస్. ఆయన రాకపోతే ముగ్గురు కారు. కాస్త చెప్పవూ?”

మావిస్ ట్రే దించి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది. “చెప్తాలే. కానీ వాడికి తెలియదనుకుంటున్నావా పిచ్చిదానా? వాడు గడియారం చూసుకుంటూ తింటున్నాడు. ఒక ముక్క కొరకడం, గోడ వైపు చూడటం. ఎన్నికలయ్యాక నీళ్ళ మంత్రిత్వం నీదేనని విప్ వాడి చెవిలో ఊదుతున్నాడు. కప్పులో పాలు పోస్తూ విన్నాను. టీ పోసేదానికి చెవులుండవని వీళ్ళ నమ్మకం.”

నీళ్ళ మంత్రి! థూ. జానిస్ నిజంగానే నోట్లో ఏదో ఊసేయాలన్నట్టు పెదాలు బిగించింది. చచ్చిన పిల్ల ఒకటి, మంచం పట్టిన పిల్లలు పదముగ్గురు, వాళ్ళ మీద ఎక్కి వీడు అందుకునేది నీళ్ళ కుర్చీ. ఎవరూ లంచం ఇవ్వలేదు. ఎవరూ పుచ్చుకోలేదు. ఓటు అమ్ముకోలేదు, అబద్ధమైనా ఆడలేదు. టీకేకు తినడం నేరమని ఏ చట్టంలో ఉంది? విప్పుల గొప్పంతా అక్కడే ఉంది. చెడ్డ పని చేయమని ఎవరినీ అడగరు. చేయాల్సిన పని ఓ అరగంట చేయకుండా కూర్చోమంటారు, అంతే.

మావిస్ లోపలికి వెళ్ళి చెప్పింది. డంకన్ రుమాలుతో మూతి తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చాడు. వెనకే క్రిస్పిన్ లోడర్, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని.

“జానిస్! నేనే బయల్దేరుతున్నా,” అన్నాడు డంకన్. చెవులు ఎర్రబడ్డాయి.

“సాక్షి ఎదురు చూస్తున్నారు సర్. మీరు రమ్మన్న సాక్షి.”

అంతకంటే ఒక్క అక్షరం ఎక్కువ అనడానికి ఆమెకు హక్కు లేదు. ఆ మాత్రం అన్నదే ఎక్కువ.

“తెలుసు, తెలుసు. పాపం డోరీన్. ఎలా ఉంది ఆవిడ?”

“నీళ్ళు తాగలేదు సర్.”

లోడర్ నవ్వాడు. “కంగారెందుకండీ జానిస్ గారూ? ఇంకో ఇరవై నిమిషాల్లో పార్లమెంటే ఉండదు. ఒక కమిటీ కూర్చుంటే ఎంత, లేస్తే ఎంత? మా డంకన్‌ను కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి, పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు.”

“రెండు నిమిషాలు,” అన్నాడు డంకన్, ఆమె భుజం మీదుగా ఎక్కడో చూస్తూ. “నువ్వు పద జానిస్. నీ వెనకే వచ్చేస్తా.”

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. మావిస్ ట్రే ఎత్తుకుని, “వెనకే వస్తాడట!” అంది. “ఆ మాట నమ్మి వెళ్ళినవాళ్ళని ఈ గుమ్మంలో ఎంతమందిని చూశానో. నీళ్ళూ లేవు, నిప్పూ లేదు, వీళ్ళ నోట్లో అన్నీ ఆవిరే.”

జానిస్ మెట్లెక్కింది. వెనక అడుగుల చప్పుడు కోసం రెండు చోట్ల ఆగింది. సిగ్గులేనిది ఆశ. ముప్ఫై ఒక్క ఏళ్ళు చూసి కూడా ఆగింది.

గదిలో నాలుగూ పద్దెనిమిది. ఆడ్రీ వేళ్ళతో బల్ల మీద దరువేస్తోంది. జానిస్ కూర్చోగానే మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి ఆమె వైపు వంగింది.

“వస్తున్నాడా?”

“వస్తానన్నారు మేడమ్.”

“అంటే రాడు. సరే, మొదలెట్టేద్దాం.”

“ఇద్దరే ఉన్నారు.”

“లెస్లీని చూడు, ఆ ఒళ్ళు ఇద్దరి పెట్టు. కెమెరాలో కనిపించేది ఆవిడ మొహం, నా మొహం. తలలెవరు లెక్కపెడతారు?”

జానిస్ మొదటి వరస వైపు చూసింది. కంపెనీ లాయరు కలం మూత తీసి కాగితం మీద ఆనించి పట్టుకున్నాడు. చూపు మెంబర్ల కుర్చీల మీదే ఉంది, మొహంలో ఆత్రం లేదు. మొదలుపెట్టండి, మొదలుపెట్టండి అన్నట్టే కూర్చున్నాడు.

“ఆయన లెక్కపెడుతున్నారు మేడమ్.”

“పెట్టుకోనీ. ఆవిడ నోట్లోంచి ఆ పేరు ఒక్కసారి బయటపడితే చాలు. సాయంత్రం వార్తలన్నీ అదే. రేపు పేపర్లన్నీ మన కమిటీయే.”

“కమిటీ కూర్చోనట్టే లెక్క మేడమ్. ఆవిడ మాటకు రక్షణ ఉండదు. వాళ్ళు దావా వేస్తే ఆవిడ ఇల్లు పోతుంది.”

“ఆ సంగతి తర్వాత చూసుకోవచ్చు.”

“తర్వాత ఎవరు చూస్తారు మేడమ్? మీరు మళ్ళీ పోటీ చేయడం లేదు కదా.”

ఆడ్రీ మొహం ఒక్క క్షణం గట్టిపడి, అంతలోనే మెత్తబడింది. రెండుసార్లు సహాయమంత్రిగా చేసి, రెండుసార్లూ ఫోన్లోనే పదవి ఊడిన మనిషి. పోతూ పోతూ ఒక్క పెద్ద వార్త మిగిల్చిపోతే, ప్రభువుల సభలో ఎర్ర పరుపు సీటు ఒకటి దక్కుతుందని ఆశ. ఆ సంగతి ఈ భవనంలో తెలియనివాళ్ళు లేరు.

“జానిస్,” అంది గొంతు తగ్గించి. “నువ్వు నోరెత్తకపోతే చాలు. నేను చూడలేదు, నాకెవరూ చెప్పలేదు, అంతే. ఇన్నేళ్ళ పరిచయం మీద అడుగుతున్నా. ఆ డంకన్ గాడు ఏం చేస్తున్నాడో నీకూ తెలుసు, నాకూ తెలుసు. వాడిని గెలవనిస్తావా?”

ఒకడు మంత్రి కావడానికి డోరీన్ నోరు మూయిస్తాడు, ఒకతె ప్రభువు కావడానికి ఆమె నోరు తెరిపిస్తుంది. ఆమె మట్టుకు ఆ నీళ్ళగ్లాసు వైపు చూస్తూ, వీళ్ళు తన కోసమే గుసగుసలాడుకుంటున్నారని నమ్మి కూర్చుంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఇక్కడ పిల్లులు రెండు.

తలలు తక్కువైనప్పుడు ఆ సంగతి అధ్యక్షస్థానానికి చెప్పాల్సింది క్లర్కే. మెంబర్లు కాదు, లాయర్లు కాదు, క్లర్కే. నియమాల పుస్తకంలో ఆ ఒక్క వాక్యం ఆమె పని. ఇన్నేళ్ళలో నాలుగైదుసార్లు చెప్పి ఉంటుంది.

“మిసెస్ హాలమ్,” అంది ఆడ్రీ మైకు మీంచి చెయ్యి తీసి, గొంతులో తేనె కలుపుకుని. “మీరు ఆ మూడో సీసా గురించి...”

“అధ్యక్షా, కోరం లేదు,” అంది జానిస్.

మైకు ఆ మాటను గదంతా వినిపించింది. సర్ లెస్లీ కళ్ళు తెరిచాడు. లాయరు కలానికి మూత పెట్టాడు.

ఆడ్రీ ఆమె వైపు తిరగనైనా తిరగలేదు. “క్లర్కు చెబుతున్నారు, ముగ్గురు లేరట. ముగ్గురు వచ్చేదాకా నిలిపేస్తున్నాం,” అంది. ‘క్లర్కు’ అన్న మాట నొక్కి మరీ అంది.

“ఆగుదామండీ,” అంది డోరీన్ ఆత్రంగా. “మార్‌వుడ్ గారు వచ్చేస్తారు. నాకేం తొందర లేదు, రైలు ఆరింటికి. ఎంతసేపైనా కూర్చుంటా.”

ఆగారు. నాలుగూ ఇరవై రెండు. నాలుగూ ఇరవై ఆరు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా డోరీన్ వీపు నిటారుగా అయ్యేది. ఒకసారి వచ్చింది బంట్రోతు, ఇంకోసారి గది ఇదేనా అని అడిగిన యాత్రికులెవరో. తర్వాత గంట మోగింది. ఈసారి ఓటింగు గంట కాదు. గోడ మీది తెర మీద, ప్రభువుల సభకు రమ్మని పిలుపు కనబడింది.

“చాలా చాలా విచారకరం,” అంది ఆడ్రీ, కెమెరా ఇంకా పని చేస్తోందో లేదో చూసుకుని. “ఈ కమిటీ వినాలనుకుంది. విననివ్వలేదు. ఆ మాట దేశం గుర్తుపెట్టుకోవాలి.” అని కాగితాలు సర్దుకుంది.

“అంటే అయిపోయిందా అండీ?” అంది డోరీన్. ఎవరినడిగిందో తెలియదు.

సరిగ్గా అప్పుడే ఊడిపడ్డాడు డంకన్ మార్‌వుడ్. టై భుజం మీద, జుట్టు నుదుటి మీద, చెయ్యి గుండె మీద.

“అయ్యో! అయిపోయిందా?” అన్నాడు ఆయాసపడుతూ. “కింద ఇరుక్కుపోయాను... మెట్లు రెండేసి ఎక్కి వచ్చాను... డోరీన్! డోరీన్, నన్ను క్షమించండి.” ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. జానిస్ ఆ నీళ్ళు చూసింది, వాటి కింద పెదవి మూల వెన్న మరకా చూసింది.

“మీ తప్పేం ఉందండీ,” అంది డోరీన్. “అంత పరిగెత్తారేంటి, గుండె జాగ్రత్త.”

“నేను వదిలిపెట్టను. మళ్ళీ గెలిచి వస్తాను, ఈసారి లోపల్నుంచే చేస్తాను. మాటిస్తున్నా. వచ్చే పార్లమెంటులో మొట్టమొదటి పని ఇదే.” అని జేబులోంచి ఫోను తీశాడు. “జానిస్, ఒక్క ఫొటో తీసిపెడుదూ. ఆవిడా నేనూ. ఈ పోరాటం ఆగదని జనానికి తెలియాలి కదా.”

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడి గురించి విన్నాం. నిప్పంటించినవాడే వచ్చి చుట్ట వెలిగించుకోవడం జానిస్ ఇదే చూడటం.

“క్లర్కులు ఫొటోలు తీయకూడదు సర్,” అంది.

అలాంటి నియమం ఎక్కడా లేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె సొంతంగా పుట్టించిన నియమం అదొక్కటే. అయినా ఏం లాభం? “ఇలా తే, ఇలా తే” అంటూ సర్ లెస్లీ సరదాగా ఫోను అందుకుని, సగం చిత్రంలో తన బొటనవేలు పడేలా రెండు ఫొటోలు తీసి, మూడోది బాగానే తీశాడు. అందులో డంకన్ చెయ్యి డోరీన్ భుజం మీద ఉంది.

“హాజరీలో నా పేరు ఉందిగా?” అని వెళ్తూ వెళ్తూ అడిగాడు డంకన్, మెల్లిగా.

“ఉంది సర్. మొదట్లో ఉన్నారు కాబట్టి వచ్చినట్టే రాస్తాం.”

“బంగారం నువ్వు,” అన్నాడు.

అందరూ ప్రభువుల సభకు పోయారు. సాక్షిని గుమ్మం దాకా దిగబెట్టడం క్లర్కు మర్యాద. జానిస్ డోరీన్ కోటు అందించి, పెద్ద మెట్ల మీదుగా కిందికి తీసుకొచ్చింది. వాన పడుతోంది. వాళ్ళ వెనక నాలుగు మెట్ల పైన కంపెనీ లాయరు ఆగి తీరిగ్గా గొడుగు విప్పుకుంటున్నాడు.

కింది మెట్టు మీద డోరీన్ ఆగింది. “మీరైనా వినండమ్మా,” అంది జానిస్ చెయ్యి పట్టుకుని. “అంత దూరం మోసుకొచ్చాను. ఇప్పుడు మళ్ళీ మోసుకుపోలేను. ఆ రోజు ల్యాబుకి ఫోన్ చేసింది ఎవరంటే...”

“చెప్పకండి.”

“ఒక్క మాటండీ.”

“ఒక్క ముక్క కూడా వద్దు డోరీన్ గారూ. గది దాటేశాం. ఇక్కడ చెబితే మీకే ముప్పు.” వెనక ఉన్నతని వైపు కళ్ళతో చూపించింది. డోరీన్ అటు చూడలేదు. జానిస్‌నే చూస్తోంది, కొత్తగా చూస్తున్నట్టు. చెయ్యి వదిలేసింది.

“ఆ పెద్దావిడ విందామనుకుంది,” అంది నిదానంగా. “ఆ ముసలాయన కూడా కదలకుండా కూర్చున్నాడు. మార్‌వుడ్ గారైతే పాపం గుండె పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. నా నోరు మూయించింది నువ్వు ఒక్కదానివి. నేను విన్నాను కదా, అందరి ముందూ మైకులో అన్నావు. ఇక్కడ వీధిలో కూడా నువ్వే. నీకేం చేశాను నేను?”

జానిస్ నోరు తెరిచింది. చెప్పాల్సినదంతా నాలుక మీదే ఉంది. కిటికీ పక్క బల్ల, రెండో టీకేకు, గోడ గడియారం, నీళ్ళ మంత్రిత్వం. నాలుగు మాటలు చాలు. అవి చెప్పడానికి ఏ కోరమూ అక్కర్లేదు. కానీ మెంబర్ల సంగతి బయటివాళ్ళ దగ్గర ఎత్తే క్లర్కు ఆ భవనంలో ఇంతవరకూ లేదు. అలా ఎత్తని మనిషనే పేరు మీదే ఆమె ఇన్నేళ్ళూ అన్నం తిన్నది. పొద్దుట్నుంచీ, చేయాల్సిన పని చేయకుండా కూర్చున్నవాళ్ళను చూసి లోలోపల ఈసడించుకున్న మనిషి, తన నాలుక అక్కడే ఆగిపోవడం తనే చూసింది. వాళ్ళందరి మీదా కలిపి కలగనంత రోత, అప్పుడు తన మీద కలిగింది.

“మెట్టు తడిగా ఉంది, జాగ్రత్తండీ,” అంది.

డోరీన్ తలకు గుడ్డ కట్టుకుని మెట్టు దిగింది. నాలుగడుగులు వేసి మళ్ళీ తిరిగింది.

“రోజీ వాళ్ళమ్మకి ఏం చెప్పాలో నాకు తెలుసులే. అక్కడ మన మనిషంటూ ఉంటే ఆ మార్‌వుడ్ గారొక్కరే అని చెప్తాను. మా వీధి ఓట్లన్నీ ఆయనకే.”

“మంచిదండీ,” అంది జానిస్.